మే ఎండల్లో కూరగాయల మడి: బీర పిందెలు రాలిపోతున్నాయి, మీ దగ్గర ఎలా ఉంది?

పెరటిపాదు (అమలాపురం దగ్గరి పల్లె)

అందరికీ నమస్కారమండి. మా ఇంటి వెనక, కొబ్బరిచెట్ల అవతల ఆరు సెంట్ల జాగా ఉంది. ముప్పై ఏళ్లుగా మా అత్తయ్యగారు అందులో కూరగాయలు పెంచారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు రావడంతో కిందటేడు నుంచి నేను చూసుకుంటున్నాను. ఇది నా రెండో వేసవి. నిన్న ఒక్కరోజు ఎలా గడిచిందో రాస్తాను. చివర్లో నన్ను వేధిస్తున్న సమస్య ఒకటుంది, తెలిసినవాళ్లు చెప్పండి.

నాలుగున్నరకే లేచాను. ఎండ రాకముందే బెండ కోసేయాలి. రోజు విడిచి రోజు కోస్తాను, ఒక్కరోజు తప్పినా ముదిరిపోతుంది. కొన విరిస్తే టక్కుమని విరగాలి, వంగిందంటే ముదిరినట్టే. బెండ నూగుకి నాకు చేతులు దద్దుర్లెక్కుతాయి, అందుకని పాత చొక్కా చేతులు కత్తిరించి మోచేతిదాకా తొడుక్కుంటాను. నిన్న మూడు కిలోల పైనే వచ్చాయి. తర్వాత వంకాయలు. ముచ్చిక దగ్గర కత్తెరతో కోస్తాను, లాగితే కొమ్మ చీలిపోతుంది. పురుగు పట్టి పుచ్చిన వంకాయలు వేరే బుట్టలో వేసి దూరంగా గోతిలో పూడ్చాను. రెండు పండు దోసకాయలు, ఇంత గోంగూర, ఒక కట్ట తోటకూర.

అయిదున్నరకి నీళ్ల వంతు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక కాలువ కట్టేశారు, జూన్‌లో వదిలేదాకా ఫిల్టర్ పాయింటే (తక్కువ లోతు బోరు) దిక్కు. నాలుగిళ్లవాళ్లం కలిసి వాడుకుంటాం, నాకు ముప్పావుగంట దొరుకుతుంది. బోదెల వెంట నీళ్లు పారుతుంటే వెనకాలే బొరిగెతో కలుపు తీశాను. ఎనిమిదింటికల్లా ఇంట్లోకి వచ్చేశాను. మళ్లీ సాయంత్రం అయిదు దాటాకే దిగాను.

ఇక నా బాధ. బీరపాదులు నాలుగున్నాయి, పందిరంతా కమ్ముకున్నాయి. పసుపు పూలు గుత్తులు గుత్తులుగా పూస్తున్నాయి. పిందెలు కూడా వేస్తున్నాయి గానీ, చిటికెనవేలంత అవగానే పసుపురంగుకి తిరిగి, కుంచించుకుపోయి రాలిపోతున్నాయి. నీళ్లు తక్కువయ్యాయేమోనని పొద్దునా సాయంత్రం పోశాను. పెంట వేశాను. వీడియోల్లో చూసి పొద్దున్నే చేత్తో పుప్పొడి కూడా అంటించాను. అయినా నిన్న ఒక్కరోజే తొమ్మిది పిందెలు రాలాయి. అత్తయ్యగారి రోజుల్లో ఈ పందిరి కాసిన బీరకాయలు వీధంతా పంచేవాళ్లం. నా చేతిలోకి వచ్చాక ఇలా అయిందే అని నిద్ర పట్టడం లేదు.

డాబామీదతోట (రాజమండ్రి)

మా డాబా మీద సొరదీ ఇదే కథ. నాకూ జవాబు కావాలి. మాకు గ్రీన్ నెట్ వేసినా మధ్యాహ్నం ఆకులు వాలిపోతున్నాయి, సాయంత్రానికి మళ్లీ లేస్తున్నాయి.

లంకరైతు (ఆలమూరు వైపు)

అమ్మా పెరటిపాదూ, నిద్ర మానుకోకండి. మీ తప్పేమీ లేదు. పొద్దున్నే పుప్పొడి అంటించానన్నారు చూడండి, చిక్కు అక్కడే ఉంది. బీరపువ్వు పొద్దున విచ్చుకోదమ్మా, పొద్దువాలాక విచ్చుకుంటుంది. అయిదు, ఆరు మధ్యలో పందిరి కింద నిలబడి చూడండి, మీ కళ్ల ముందే విచ్చుకుంటాయి. సొర, పొట్ల కూడా సాయంత్రం పూసేవే. కాకర, గుమ్మడి, దోస పొద్దున పూస్తాయి. పొద్దున్నే మీరు పట్టుకున్న బీరపువ్వు రాత్రంతా విచ్చుకుని వాడిపోతున్నది.

బీరలో గుత్తుగా వచ్చేవి మగపూలు. ఒంటిగా, కింద చిన్న పిందెతో వచ్చేది ఆడపువ్వు. సాయంత్రం అప్పుడే విచ్చుకున్న మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో నెమ్మదిగా రాయండి. ఒక మగపువ్వుతో రెండు మూడు ఆడపూలకు రాయొచ్చు. పుప్పొడి అంటిన పిందె రెండురోజుల్లో నిగనిగలాడుతూ కిందికి దిగుతుంది. అంటనిది పసుపురంగుకి తిరుగుతుంది.

ఇంకొకటి. ఈ ఎండలకి, పొడుగు పగళ్లకి తీగజాతుల్లో మగపూలే ఎక్కువ వస్తాయి. దాని మీద పెంట వేస్తే ఆకు, తీగ పెరుగుతాయి గానీ ఆడపూలు పెరగవు. పెంట ఆపండి. పొద్దునా సాయంత్రం నీళ్లు కూడా అక్కర్లేదు.

మా సంగతి చెబుతాను. గోదారి గౌతమి పాయ మధ్యనున్న లంకలో (దీవిలో) మాది రెండెకరాలు. ఒండ్రు మట్టి, కింద ఇసుక. ఎండాకాలం పాయ దాదాపు ఎండిపోతుంది, నడిచే దాటతాం. మూడింటికే టార్చిలైట్లు పట్టుకుని వెళ్తాం. వంగ, బెండ, బీర, దోస కోసి, గంపల మీద తడి గోనెసంచి కప్పి, అయిదున్నరకల్లా గట్టు మీదికి చేరుస్తాం. అక్కడినుంచి ఆటోలో మడికి అనే ఊళ్లోని కూరగాయల మార్కెట్‌కి. గోనె తడపకపోతే రెండు గంటల్లో బెండ వడలిపోయి రేటు పడిపోతుంది. ఏడింటి తర్వాత కోసిన కాయ అప్పటికే కాగి ఉంటుంది, ఎంత తడిపినా పొద్దున్నే కోసిన కాయలా నిలవదు.

లంకలో మాకు గడువుంది. జూలై దాటితే గోదారి ఎప్పుడు పొంగుతుందో చెప్పలేం. 2022లో జూలై మధ్యకే పెద్ద వరద వచ్చేసింది. పందిళ్లతో సహా పోయాయి. 1986 ఆగస్టు వరదప్పుడు నేను చిన్నవాణ్ణి, మా నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని పడవ ఎక్కించడం గుర్తుంది. అందుకే సంక్రాంతి ముందే విత్తనం వేసి, మృగశిర కార్తెకల్లా కాపు తీసేసుకుంటాం.

నల్లమట్టి (పాలకొల్లు దగ్గర)

లంకరైతుగారు నీళ్ల గురించి చెప్పింది లంకకి సరే. మా దగ్గర బరువు నేల. దాళ్వా వరి కోసిన చేలో గట్టు వెంట పది సెంట్లలో కూరగాయలు వేశాను. పైన బీటలు వారి ఉంటుంది, నాలుగంగుళాలు తవ్వితే లోపల తడి. పై బీటలు చూసి కంగారుపడి రోజూ పెడితే వేళ్లు కుళ్లి వంగమొక్కలు వాలిపోయాయి, పోయినేడు అలా ముప్పై మొక్కలు పోగొట్టుకున్నాను. ఇప్పుడు వేలు గుచ్చి చూస్తాను. వేలి రెండో కణుపుదాకా పొడిగా ఉంటేనే నీళ్లు. మా నేలకి నాలుగైదు రోజులకి ఒక తడి చాలు, ఇసుక నేలకి రోజూ కావాలి. ఎవరి నేల వాళ్లు చూసుకోవాలండి, పక్క ఊరివాళ్లని చూసి పోయకూడదు.

డాబామీదతోటగారూ, మధ్యాహ్నం ఆకు వాలి సాయంత్రం లేస్తే అది దాహం కాదు. ఎండకి ఆకు నుంచి నీరు పోయినంత వేగంగా వేరు తోడలేక వాలుతుంది. పొద్దున్నే కూడా వాలి ఉంటేనే నీళ్లు చాలనట్టు.

బీటలకి మందు వరిగడ్డే. మొక్క మొదట్లో నాలుగు వేళ్ల మందాన పరిచాను. తడి నిలిచింది, కలుపు సగానికి సగం తగ్గింది. అయితే ఒక జాగ్రత్త. గడ్డి కింద చల్లగా ఉంటుంది కాబట్టి పాములు చేరతాయి. పోయిన నెల దోసకాయ కోసం చెయ్యి పెట్టబోతే గడ్డిలో రక్తపింజర చుట్టుకుని ఉంది. ఆ రోజు నుంచి కర్రతో తట్టకుండా చెయ్యి పెట్టను. మూడింటికి లేచి వెళ్లేవాళ్లు బూట్లు వేసుకోండి, టార్చి తప్పనిసరి.

దొరువునీళ్లు (సఖినేటిపల్లి మండలం)

నీళ్ల వంతు ముప్పావుగంట అని పెరటిపాదుగారు రాస్తే, మంచినీళ్లు వస్తున్నాయి కదా అని నాకు సంతోషమేసింది. మాది సముద్రానికి దగ్గర. ఏప్రిల్ దాటితే బోరు నీళ్లు నోట్లో పోసుకోలేం. ఆ నీళ్లతో చిక్కుడు వేస్తే ఆకుల అంచులు కాలినట్టయి, పూత రాలి, నెలలో పోయింది. పాలకూర మాత్రం ఉప్పు తట్టుకుంది. తోటకూర కూడా ఏదో నెట్టుకొచ్చింది.

మా తాతల పద్ధతి దొరువు. ఇసుకలో నడుములోతు గొయ్యి తవ్వితే మంచినీళ్లు ఊరతాయి. వాననీరు ఇసుకలో ఇంకి, బరువైన ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. బిందెతో తోడుకుంటే ఎన్నాళ్లైనా తియ్యగా ఉంటుంది. పక్కవాళ్లు మోటారు పెట్టి గంటసేపు లాగారు, పైనున్న మంచినీరు అయిపోయి కింది ఉప్పునీరు పైకి ఎగదన్నింది. ఆ దొరువు ఈ ఏడు పనికిరాలేదు. నేను మూడు దొరువులు తవ్వి, పూటకి ఒకదాంట్లోనే తోడుతున్నాను. పొద్దున నలభై బిందెలు, సాయంత్రం ఇరవై. నడుము పట్టేస్తుంది, అయినా మొన్న పదకొండు సొరకాయలు కోశాను. ఆ సొరకాయలు చూసినప్పుడు నొప్పి గుర్తురాలేదు.

ఉప్పు తగిలిన నీళ్లు పోయాల్సి వస్తే ఆకుల మీద పడనివ్వకండి. మొదట్లోనే పోయండి. ఆకు మీద నీరు ఆరిపోయి ఉప్పు మిగిలి మాడ్చేస్తుంది. కొబ్బరి డొక్కలు (పీచు తొక్కలు) మాకు కొదవలేదు, పాదు చుట్టూ బోర్లించకుండా గుంట పైకి ఉండేలా పేర్చి మట్టి కప్పుతాను, అందులో తడి నిలుస్తుంది. పీచు పొట్టు వాడేవాళ్లు పచ్చిది వేయొద్దు, నాలుగైదుసార్లు నీళ్లలో కడిగి పిండాలి. కడగకుండా వేస్తే మొక్క ఎదగదు.

కడియంమొక్క

నర్సరీలో పనిచేస్తాను. వేసవిలో రోజుకి పదిమంది తెగుళ్లు, పురుగుల గురించే అడుగుతారు కాబట్టి నాలుగు మాటలు.

బెండలో ఆకు ఈనెలు పసుపురంగుకి తిరిగి, కాయ కూడా పసుపుగా వస్తే అది పల్లాకు తెగులు. తెల్లదోమ మోసుకొస్తుంది. ఆ మొక్కకి మందు లేదు, పీకి తగలబెట్టాలి. మిగతావాటిని కాపాడటానికి పసుపు రంగు జిగురు అట్టలు మొక్క ఎత్తులో కట్టండి. అర్క అనామిక లాంటి రకం వేస్తే కొంత తట్టుకుంటుంది.

బీర, కాకర, దోసల్లో కాయ వంకరపోయి, లోపల తెల్ల పురుగులుంటే పండుఈగ. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. మామిడితోటలో కట్టే ఎర తెచ్చి కాకరపందిరికి కడుతున్నారు. అది మిథైల్ యూజినాల్, మామిడి ఈగ వస్తుంది. తీగకూరగాయల ఈగకి క్యూ-ల్యూర్ ఉన్న ఎర కావాలి, అడిగి తీసుకోండి. రాలిన, పుచ్చిన కాయని మడిలో వదలకూడదు. పురుగు కాయలోంచి మట్టిలోకి దిగి కోశమై మళ్లీ ఈగై లేస్తుంది. పెరటిపాదుగారు పుచ్చువంకాయలు పూడ్చడం చూసి సంతోషం, లోతుగా పూడ్చండి, లేదా పాలిథిన్ సంచిలో మూటగట్టి ఎండలో పెట్టండి.

ఎర్రనల్లికి గంధకం కొట్టమని చెబుతుంటారు. మే ఎండలో తీగజాతుల మీద గంధకం కొడితే ఆకులు మాడిపోతాయి. పొద్దున్నే ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టినా నల్లి చాలావరకు పోతుంది. వేపనూనె అయితే లీటరుకి 5 మిల్లీలీటర్లు, సబ్బునీటి చుక్క కలిపి, సాయంత్రమే.

డాబామీదతోట

చాలా థ్యాంక్స్ అండి అందరికీ. జీవామృతం డ్రమ్ము లెక్క ఎకరానికే చెబుతున్నారు, చిన్న జాగాకి ఎంత?

నల్లమట్టి

ఎకరానికి 200 లీటర్లు. అన్ని నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 10 లీటర్ల ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, పొలం గట్టు మట్టి గుప్పెడు. నీడలో రెండురోజులు, పూటకోసారి తిప్పాలి. ఎకరం అంటే వంద సెంట్లు కాబట్టి పెరటిపాదుగారి ఆరు సెంట్లకి 12 లీటర్లు. డాబాకి ఒక బకెట్ కలిపినా ఎక్కువే. తడి ఉన్న నేల మీదే పోయండి.

లంకరైతు

అందరూ మొక్కల గురించి రాశారు, నేను మనుషుల గురించి ఒకటి రాయాలి. నాలుగేళ్ల కిందట, రోహిణి కార్తెలో, మా తమ్ముడు ఇంకో రెండు బోదెలే కదా అని పదకొండింటిదాకా దోసపాదుల్లో ఉండిపోయాడు. నేను వెళ్లేసరికి కూలబడి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది, నన్ను గుర్తుపట్టలేదు. నీడకి లాగి, చొక్కా విప్పి, తువ్వాలు తడిపి మెడ మీద, చంకల్లో, గజ్జల్లో పెట్టి విసిరాం. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదని మా ఊరి నర్సమ్మ కేకేసి ఆపింది, లేకపోతే పోసేసేవాళ్లం. 108లో ఆసుపత్రికి వెళ్లాం. బతికాడు. 2015 మే వడగాలుల్లో మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు, అందులో ఎండలో పనిచేసేవాళ్లు ఎందరో.

ఇప్పుడు మా లంకలో ఎనిమిదిన్నరకి పని ఆపేస్తాం. మజ్జిగలో ఉప్పు వేసి పెద్ద సీసా, తలకి తడి తువ్వాలు. దాహం వేయకముందే తాగాలి. మీరు ఎనిమిదింటికే ఇంట్లోకి వచ్చానన్నారు తల్లీ, ఆ పద్ధతి వదలకండి.

దొరువునీళ్లు

మీ తమ్ముడు కోలుకున్నందుకు చాలా సంతోషమండి. మా ఇంట్లోనూ ఈ పోస్ట్ చదివి వినిపించాను.

ఒక్క మాట, చేదు కాయల గురించి ఎవరూ రాయలేదు. ఎండలకి నీళ్లు ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా అయితే దోస, సొర చేదెక్కుతాయి. వండే ముందు ముచ్చిక వైపు చిన్న ముక్క నాలిక మీద పెట్టుకుని చూడండి. చేదుగా ఉంటే పారేయండి, ఉప్పు కారం వేస్తే పోతుందని వండకండి. చేదు సొరకాయ రసం తాగితే వాంతులు, విరేచనాలై ప్రాణం మీదికి వస్తుంది.

పెరటిపాదు

అయిదురోజుల తర్వాత రాస్తున్నాను.

ఆ రోజు సాయంత్రం అయిదుంపావుకి పందిరి కింద నిలబడ్డాను. మొదట ఏమీ కనిపించలేదు. అయిదున్నర దాటాక ఒక మొగ్గ కదిలింది, చూస్తుండగానే రేకులు విడిపోయాయి. తర్వాత ఒకదాని వెంట ఒకటి. రెండేళ్లుగా ఈ పందిరి కింద తిరుగుతున్నా ఒక్కసారి కూడా గమనించలేదు. ఆ వేళకి నేను ఎప్పుడూ బోదెలకి నీళ్లు పెడుతూ నేల వైపే చూస్తుండేదాన్ని.

ఆడపూలు ఏడు ఉన్నాయి. లంకరైతుగారు చెప్పినట్టే రేకులు తీసి రాశాను. రెండోరోజు అయిదు, మూడోరోజు ఎనిమిది. గుర్తుకోసం రాసిన ప్రతి పువ్వు కాడకి ఎర్రదారం కట్టాను. ఇప్పటికి ఇరవై దారాల్లో పదహారు పిందెలు నిలిచాయి. మొదటిరోజువి జానెడు దాటాయి. నాలుగు రాలాయి, రెండింటికి ఈగ పొడిచిన మచ్చ ఉంది, క్యూ-ల్యూర్ ఎర నిన్ననే తెప్పించి కట్టాను. కాకరలకి న్యూస్‌పేపరు సంచులు కట్టాను.

నీళ్లు రోజుకి ఒక్క పూటకే తగ్గించాను. వేలు గుచ్చి చూస్తే నిజంగానే లోపల తడి ఉంది. మిగిలిన నీళ్ల వంతు పక్కింటివాళ్లకి ఇచ్చాను, వాళ్ల నారుమడికి పనికొచ్చింది.

విషయం చెబితే అత్తయ్యగారు, "సాయంత్రం దీపం పెట్టే వేళకి పందిరి దగ్గరికి వెళ్లి పూలు తట్టేదాన్ని, అది నీకు చెప్పాలని తోచలేదమ్మా" అన్నారు. ఆవిడకది పని అనిపించలేదు, అలవాటు. నిన్న కుర్చీ వేసి పందిరి కింద కూర్చోబెట్టాను. నేను మగపువ్వు అందిస్తుంటే ఆవిడే రాశారు. చేతికందే ఎత్తులో ఉన్న మూడు పూలు ఆవిడవే, వాటికి పసుపుదారం కట్టాం.

బీరకాయలు రాగానే తొక్కు పచ్చడి చేస్తాను. గుమ్మడి రెండు కాసింది, వడియాలకి ఈ ఎండ పోకముందే పెట్టేయాలి. తొలకరికి కంద నాటడానికి కొబ్బరిచెట్ల మధ్య గుంతలు తీస్తున్నాను.

ఒక విన్నపం. అత్తయ్యగారి పాత నాటు పొట్ల విత్తనం కిందటేడు నా చేతిలోనే పోయింది. పొడుగ్గా, తెల్లచారలుండేది. ఎవరి దగ్గరైనా ఉంటే నాలుగు గింజలు ఇస్తారా? బదులుగా మా దోస విత్తనం పంపుతాను.

లంకరైతు

ఉందమ్మా. బూడిదలో కలిపి సీసాలో దాచాను. పన్నెండు గింజలు పంపుతాను. మృగశిర కార్తె దాటాక, మొదటి వాన పడ్డాక పెట్టండి. పెట్టేముందు ఒక రాత్రి నానబెట్టండి, పొట్ల పెంకు గట్టిది. మొదటి కాపులో ఒక మంచి కాయ పండేదాకా తీగ మీదే వదిలి, ఆ గింజలు మళ్లీ మీ అత్తయ్యగారి సీసాలో పెట్టండి.